మునసబు అంటే జడ్జీయేనా?

సందేహం: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా వంశం వివరాలు సేకరిస్తూ, మా ముత్తాత వేసిన ఒక దావా తీర్పు నకలు కోర్టు నుంచి తీసుకున్నాను. పైన ‘డిస్ట్రిక్టు మునసబు కోర్టు, నెల్లూరు జిల్లా’ అనీ, వాది అయిన మా ముత్తాత పేరు పక్కన ‘గ్రామ మునసబు’ అనీ ఉంది. ఆయన జడ్జీగా చేశారని మా నాయనమ్మ చెప్పేది. జడ్జీయే దావా వేశారా? అసలు మునసబు తెలుగు మాటేనా?

సమాధానం: మీ నాయనమ్మ గారి మాటను కొట్టిపారేయకండి. అందులో సగానికి పైగా నిజముంది.

మునసబు అరబ్బీ నుంచి పారసీ మీదుగా మనకు చేరిన మాట. దాని మూలరూపం మున్సిఫ్. అరబ్బీలో ‘నిస్ఫ్’ అంటే సగం, ‘ఇన్సాఫ్’ అంటే న్యాయం. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. ఎవరి పాలు వారికి సరిగా పంచేవాడే మున్సిఫ్. ఎంత చక్కని ఊహ! ‘న్స’ వంటి జంట హల్లుల మధ్య అచ్చును చేర్చుకోవడం మన నోటికి అలవాటు. మీ చేతిలో ఉన్న ‘నకలు’ (నక్ల్), దానికి మూలమైన ‘అసలు’ (అస్ల్) కూడా అలా తెలుగైనవే. ఫకారం మనకు పరాయి ధ్వని కనుక ఇక్కడ బకారమైంది.

ఇక చిక్కంతా ఒకే మాట ఇద్దరు ఉద్యోగులకు అంటుకోవడంలో ఉంది. 1816లో మద్రాసు ప్రభుత్వం ఒక శాసనంతో గ్రామ పెద్దలను గ్రామ మునసబులుగా, మరొక శాసనంతో డిస్ట్రిక్టు మునసబులను ఏర్పాటు చేసింది. రెండో వారు కోర్టులో కూర్చునే న్యాయాధికారులు. జిల్లా అన్న మాట చూసి జిల్లాకంతటికీ ఒక్కరే అనుకోకూడదు, ఒక్కో జిల్లాలో పలువురుండేవారు. గ్రామ మునసబు ఊళ్ళోనే ఉండి శిస్తు వసూలు చేసేవాడు, చిన్న మొత్తాల సొమ్ము తగాదాలను తీర్చేవాడు. కనుక మీ ముత్తాత గారు తీర్పులు చెప్పి ఉండవచ్చు, ఊరి మట్టుకు. తన సొంత తగాదాకు మాత్రం అందరిలాగే పై కోర్టుకు వెళ్ళారు. దావా కాగితాల్లో పేరు పక్కన తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు రాస్తారు. ‘గ్రామ మునసబు’ అక్కడ ఆయన వృత్తి.

‘నెల్లూరు జిల్లా’ సంగతి కూడా చెప్పాలి, ఈ ప్రాంతపు పూర్వీకులను వెతికేవారు తడబడేది ఇక్కడే. కందుకూరు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. ఒంగోలు మాత్రం 1904లోనే నెల్లూరును వదిలి గుంటూరులో కలిసింది. అందుకని కాగితం మీది జిల్లా పేరును ఆ కాగితం నాటి ఎల్లలతోనే చదవాలి.

గ్రామ మునసబు పదవి 1984లో రద్దయింది. ఊరి జనన మరణాల నమోదు కూడా ఆయన పనే. మీ ఊరి పాత రిజిస్టర్లు మిగిలి ఉన్నాయేమో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. ఉంటే, కోర్టు నకలులో దొరకని మీ ముత్తాత గారి చేవ్రాలు వాటిలో కనిపించవచ్చు.