డీఎన్ఏ నిచ్చెన మెట్లలా ఎందుకు తెగుతుంది?

ప్రశ్న: ప్రణాళికాబద్ధంగా చనిపోయే కణాల డీఎన్ఏను జెల్ మీద నడిపిస్తే నిచ్చెన మెట్లలా గీతలు వస్తాయని మా పుస్తకంలో ఉంది. చనిపోయే కణంలో డీఎన్ఏ అంత క్రమంగా ఎలా తెగుతుంది? ఆ కత్తిరించే ఎంజైమ్ బతికున్న కణాన్ని ఎందుకు ఏమీ చేయదు?
- డిగ్రీ విద్యార్థిని, పొందూరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీది పొందూరు కనుక నూలుతోనే చెబుతాను. మనిషి కణంలోని సుమారు 2 మీటర్ల డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల ముద్ద చుట్టూ 147 క్షార జంటల (డీఎన్ఏ పొడవుకు కొలమానం) మేర చుట్టుకుని, కొంత దూరం విడిగా సాగి, మళ్లీ ఇంకో ముద్దను చుట్టుకుంటూ పోతుంది. ఒకే నూలును తెంపకుండా వరసగా ఎన్నో కండెలకు చుట్టి, దాని మీద కత్తెర ఆడించారనుకోండి. కండెను అంటిపెట్టుకున్న నూలు కత్తెరకు అందదు, కండెకూ కండెకూ మధ్య వేలాడే పోగే తెగుతుంది. అందుకే ముక్కలు సుమారు 180 నుంచి 200 క్షార జంటల పొడవునో, దానికి రెట్టింపో, మూడింతలో ఉంటాయి; జెల్ ముక్కల్ని పొడవును బట్టి వేరు చేస్తుంది కనుక అవి మెట్లలా కనబడతాయి. ఆ క్రమం కత్తెర నేర్పు కాదు, చుట్టిన తీరు. గాయపడి కుళ్లే కణంలోనైతే డీఎన్ఏ ఎక్కడపడితే అక్కడ తెగి, జెల్ మీద మెట్లకు బదులు అలికినట్టు చార కనబడుతుంది.

రెండో ప్రశ్న నాకు మరీ ఇష్టమైనది. ఆ కత్తెర పేరు సీఏడీ, అంటే కాస్పేజ్ వల్ల పనిలోకి దిగే, డీఎన్ఏను కోసే ఎంజైమ్. దాన్ని 1998లో జపాన్‌లో షిగెకాజు నగాటా బృందం వెలుగులోకి తెచ్చింది. బతికున్న కణంలో ఐసీఏడీ అనే ప్రోటీన్ దాన్ని ఒరలా పట్టి ఉంచుతుంది. విశేషమేమిటంటే, సీఏడీ తయారవుతున్నప్పుడు సరైన ఆకృతిలో మడతపడాలన్నా ఆ ఐసీఏడీ పక్కన ఉండాల్సిందే. అంటే ఒర లేకుండా ఈ కత్తి పుట్టనే పుట్టదు. చావు సంకేతం అందగానే కాస్పేజ్-3 అనే మరో ఎంజైమ్ ఐసీఏడీని ముక్కలు చేస్తుంది, సీఏడీ విడుదలవుతుంది.

ప్రయోగశాలలో ఒక జాగ్రత్త పాటించండి: మెట్లు కనబడనంత మాత్రాన అది ప్రణాళికాబద్ధ మరణం కాదని రాసేయకూడదు, ఎందుకంటే కొన్ని రకాల కణాల్లో డీఎన్ఏ సుమారు 50,000 క్షార జంటల పెద్ద ముక్కల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన పని, చచ్చిన కణాన్ని మింగే మాక్రోఫేజ్‌ది. దాని లైసోజోముల్లోని (కణం లోపలి జీర్ణ సంచులు) డీఎన్ఏజ్-2 అనే ఎంజైమ్ ఆ డీఎన్ఏను పూర్తిగా అరగదీస్తుంది. సీఏడీ లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా మామూలుగా ఎదగడానికి ఈ రెండో ఏర్పాటే ముఖ్య కారణం.