అల్లుడూ, ఆ మొదటి ఏడాది సంగతి ముందు తేల్చుకో

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "మామయ్యా, నలుగురం ఒకేసారి ఆస్ట్రేలియా వచ్చేస్తే ఎలా ఉంటుంది?" అన్నావు. వెనక చంటిది ఏదో మారాం చేస్తోంది, నీ భార్య, మన అమ్మాయి, కుక్కరు దించుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ ఇంటి సందడి వింటూ అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం అమ్మాయి కూడా చదవాలి. చదివి వినిపించడం కాదు, తనే చదవాలి.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. అడిలైడ్‌లో విమానం దిగిన రోజున నువ్వు ఎలక్ట్రీషియన్‌వి కావు. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నా, పరవాడ ఫార్మా యూనిట్లలో తొమ్మిదేళ్ళు ప్యానెళ్ళు బిగించిన అనుభవం ఉన్నా, వీసా వచ్చినా అంతే. వెల్డరు, వడ్రంగి అయితే సంగతి వేరు. కరెంటు పని, ప్లంబింగు, ఏసీ మెకానిక్ పని ఇక్కడ లైసెన్సు ఉంటేనే చేయాలి. ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ నీ నైపుణ్యాన్ని పరీక్షించి ఒక పత్రం ఇస్తుంది. అది వీసాకు పనికివస్తుంది, కానీ అది లైసెన్సు కాదు. ఇక్కడికి వచ్చాక లైసెన్సున్న మనిషి పర్యవేక్షణలో పని చేయాలి. ఇక్కడి నిబంధనలు, ఇక్కడి ఎర్తింగ్ పద్ధతి నేర్పే అదనపు శిక్షణ పూర్తి చేయాలి. ఆ తర్వాతే ఇక్కడి సర్టిఫికెట్టు, దాని మీద పూర్తి లైసెన్సు. దీనికంతటికీ ఏడాది పడుతుందనుకో. పర్యవేక్షించే యజమాని వెంటనే దొరక్కపోతే ఇంకా ఎక్కువే. ఈలోగా నీ పని హెల్పరు పని, నీ జీతం హెల్పరు జీతం.

నువ్వు వేసే లెక్కలన్నీ ఈ ఏడాది చుట్టూనే తిరగాలి. డబ్బు ఎంత తేవాలి, పిల్లలు ఎప్పుడు రావాలి, అమ్మాయి ఉద్యోగం మానాలా వద్దా అన్నవి అన్నీ.

నా సంగతి ఒకటి చెబుతాను. విజయవాడలో నాలుగేళ్ళు, మస్కట్‌లో ఎనిమిదేళ్ళు పని చేసి 2013లో ఇక్కడికి వచ్చాను. చేరిన నాలుగో వారం, ఒక ఆఫీసు భవనంలో జంక్షన్ బాక్సు మూత విప్పి, అలవాటు కొద్దీ జేబులోంచి టెస్టర్ స్క్రూడ్రైవరు తీశాను. బీసెంట్ రోడ్డులో కొన్నది, పన్నెండేళ్ళు నాతో ఉన్నది. నా సూపర్‌వైజరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. మెల్లగా నా మణికట్టు పట్టుకుని ఆపాడు. దాన్ని తీసి తన జేబులో వేసుకుని, ఒక వోల్టేజి పరీక్ష పరికరం నా చేతిలో పెట్టాడు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి అది పని చేస్తోందో లేదో చూడమన్నాడు. తర్వాత నేను ముట్టుకోబోయే తీగ మీద పెట్టమన్నాడు. మళ్ళీ మొదటి చోటే పెట్టి, పరికరం మధ్యలో చెడిపోలేదని నిర్ధారించుకోమన్నాడు. ఈ మూడూ అయ్యేదాకా తీగ ముట్టకూడదు. అంతకు ముందే స్విచ్చి ఆపి, దానికి నా పేరున్న తాళం వేసి, తాళంచెవి నా జేబులోనే ఉంచుకోవాలి. మన దగ్గర "మెయిన్ ఆపాను, కానివ్వు" అని కింద నుంచి ఎవరో అరిస్తే పైన పని మొదలుపెట్టేవాళ్ళం కదా. అలా అరిచిన మాట నమ్మి పోయినవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు.

ఆ రోజు నాకు చిన్నతనం అనిపించింది. ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే, నా ప్రాణానికి ఇంత విలువ ఇచ్చిన పనిచోటు అంతకు ముందు నాకు దొరకలేదని తోచింది. నువ్వు ఇప్పటి నుంచే, అక్కడే, ఈ అలవాటు చేసుకో. తోటివాళ్ళు నవ్వితే నవ్వనివ్వు. నైపుణ్య పరీక్షలోనూ ఈ జాగ్రత్త చూస్తారు.

తీగల రంగులు కూడా ఇప్పుడే కళ్ళకు అలవాటు చేసుకో. మనకు మూడు ఫేజులంటే, అంటే కరెంటు మోసే మూడు తీగలంటే, ఎరుపు, పసుపు, నీలం. ఇక్కడ ఎరుపు, తెలుపు, నీలం. తెల్ల తీగ కనబడితే అందులో కరెంటు ఉందనే అనుకోవాలి. గోడలోపలి వైరింగులో నీలం ఫేజు, అదే సామాన్ల ప్లగ్గు తీగలో అయితే నీలం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ. ఇళ్ళు కూడా మన ఇళ్ళలా ఉండవు. గోడలో గాడి కొట్టి పైపు దాచే పని చాలా తక్కువ. చెక్క చట్రం లోపలి నుంచి, పైకప్పు కింది ఇరుకులోంచి కేబుల్ లాగాలి. మోకాళ్ళ మీద పాకాలి. 2019 జనవరి 24న ఇక్కడ 46.6 డిగ్రీలు నమోదైంది. అలాంటి వేసవిలో ఆ కప్పు కింద ఎలా ఉంటుందో విశాఖలో ఉన్నవాడికి నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. లైసెన్సు రాకముందు మనవాళ్ళే నిన్ను ఇబ్బంది పెడతారు. "అన్నా, ఒక్క ఫ్యానే కదా, బిగించి పెట్టు, భోజనం కూడా ఇక్కడే" అంటారు. నన్నూ అడిగారు. కాదనడానికి నోరు రాక ఒక సాయంత్రమంతా మథనపడి, చివరికి మర్యాదగానే వద్దన్నాను. ఆయన నెల రోజులు ముభావంగా ఉన్నారు. లైసెన్సు లేకుండా స్థిర వైరింగు ముట్టుకోవడం ఇక్కడ నేరం, సొంత ఇంట్లో అయినా సరే. ఆ ఇంట్లో రేపు మంట పుడితే బీమా రాకపోవచ్చు, నీ లైసెన్సుకూ ముప్పే. స్నేహం పోయినా తర్వాత కలుపుకోవచ్చు.

ఇక కాగితాల సంగతి. నీకు పని వచ్చు. అది నాకు తెలుసు, మీ కాంట్రాక్టరుకు తెలుసు. ఇక్కడి అధికారికి తెలియదు. అతను నమ్మేది కాగితాన్నే. తొమ్మిదేళ్ళలో మొదటి మూడేళ్ళు చేతికి నగదు ఇచ్చారన్నావు. ఆ మూడేళ్ళను నిరూపించడం కష్టం, వాటి మీద ఆశ పెట్టుకోకు. మిగిలిన ఏళ్ళకు పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16 ఇప్పుడే ఒకచోట చేర్చు. సర్వీసు లెటరు కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉండాలి. "మంచి పనివాడు, నమ్మకస్థుడు" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు స్వయంగా చేశావు అన్నది విడమరిచి ఉండాలి. మోటారు స్టార్టర్లా, కేబుల్ జాయింట్లా, ఎర్త్ పిట్ల పరీక్షలా, ఉన్నదున్నట్టు రాయించు. పని చేస్తుండగా తీసిన ఫోటోలు, నీ ముఖం కనబడేలా, దాచుకో. చేయని పని ఒక్కటి కూడా రాయించకు. పరీక్షలో భాగంగా సాంకేతిక ఇంటర్వ్యూ ఉంటుంది, రాసిన ప్రతి మాట మీదా అడుగుతారు.

పేర్ల సంగతి మరిచిపోకు. మన ఇంటిపేర్లతో ఇక్కడ నానా తిప్పలు. నీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంది. ఇందులో తప్పేమీ లేదు, కానీ అన్నీ ఒకే మనిషివని చూపే కాగితం ముందే సిద్ధంగా ఉండాలి. పిల్లల జనన ధ్రువపత్రాల్లో మీ ఇద్దరి పేర్లు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో ఈ వారమే చూడు.

వీసాకు పాయింట్ల లెక్క ఉంది, కనీసం 65 కావాలి. నీకు 34 ఏళ్ళు కాబట్టి వయసుకు 25. 40 నిండితే అది 15కు పడిపోతుంది, 45 నిండితే అసలు దారే లేదు. ఇది దరఖాస్తు రోజున కాదు, ఆహ్వానం వచ్చిన రోజున చూసే వయసు. నీ ట్రేడు సర్టిఫికెట్‌ను అంగీకరిస్తే 10. అనుభవంలో కొన్నేళ్ళను నేర్చుకున్న కాలంగా తీసేస్తారు, మిగిలింది ఐదేళ్ళు దాటితే 10. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 తెచ్చుకుంటే ఇంకో 10. 6 తెచ్చుకుంటే అర్హత ఉంటుంది కానీ పాయింట్లేమీ రావు. అంటే ఇవన్నీ కుదిరినా నువ్వు 55 దగ్గర ఆగుతావు. అక్కడి నుంచి పైకి తెచ్చేది ఎవరో తెలుసా? అమ్మాయి ఇంగ్లీషు పరీక్షలో నాలుగింటిలోనూ 6 తెచ్చుకుంటే 5. ఇక నాటి (NAATI) అనే, అనువాదకులకు గుర్తింపు ఇచ్చే సంస్థ తెలుగు-ఇంగ్లీషు అనువాద పరీక్ష పెడుతుంది. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒక్కో మాటను అటూ ఇటూ నోటితో అనువదించాలి, 90కి 63 వస్తే 5 పాయింట్లు. మన మాతృభాషకు ఇచ్చే పాయింట్లవి. బ్యాంకు, ఆసుపత్రి, బీమా మాటలకు తెలుగులో చటుక్కున ఏమంటామో రోజూ సాధన చేయి. ఇవి కలిస్తే 65.

కనీసం అందుకున్నంత మాత్రాన పిలుపు రాదు. అందుకే 491 వీసా వైపు చూడు. ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం నిన్ను నామినేట్ చేస్తే, అంటే ఎంచుకుని సిఫారసు చేస్తే, దానికి 15 అదనం. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా ప్రాంతీయ ఆస్ట్రేలియాలో మూడేళ్ళు ఉండి పని చేయాలి, ఆ తర్వాత శాశ్వత నివాసానికి దారి. అడిలైడ్ ఈ లెక్కలోకి వస్తుంది.

నీకు కనబడిన ఆ ఏజెంటు "ఉద్యోగం నాది, వీసా నాది, ఎనిమిది లక్షలు" అన్నాడన్నావు. అతని దగ్గరికి మళ్ళీ వెళ్ళకు. స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ ఇక్కడి చట్టం ప్రకారం తప్పు. సలహాదారు కావాలంటే ఇక్కడి వలస ఏజెంట్ల ప్రభుత్వ రిజిస్టరులో పేరుండాలి. ఏడంకెల నమోదు సంఖ్య అడుగు. ఇస్తే నువ్వే ఆ రిజిస్టరులో వెతికి చూసుకో. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయి.

డబ్బు గురించి కఠినంగానే చెబుతాను. మా అక్క, అంటే మీ అమ్మ, పేరున ఉన్న అర ఎకరం అమ్మవద్దు. అప్పు కూడా చేయకు. మొదటి ఏడాది హెల్పరు జీతంతో నువ్వు దాన్ని తీర్చలేవు. వీసా రుసుమే నీ ఒక్కడికి 4,500 డాలర్లు దాటింది, అమ్మాయికీ పిల్లలకూ వేరే. ఇవి పోగా ఆరు నెలల అద్దె, తిండి చేతిలో ఉండాలి. అద్దె ఇక్కడ వారానికి చెబుతారు. నాలుగుతో గుణించి నెల లెక్క అనుకుంటే ప్రతి నెలా కొంత తగ్గుతుంది. ఏడాదికి 52 వారాలని గుర్తుంచుకో. పని పోతే ప్రభుత్వ భృతి వస్తుందని లెక్క వేసుకోకు. శాశ్వత నివాసం వచ్చినవాళ్ళకు కూడా నిరుద్యోగ భృతికి నాలుగేళ్ళు ఆగాలి. ఇక్కడ ఫ్యాక్టరీలూ మూతపడతాయి. 2017 అక్టోబరులో అడిలైడ్ శివారు ఎలిజబెత్‌లోని హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇప్పుడు ఇక్కడి ఓస్బోర్న్‌లో యుద్ధనౌకలు కట్టే పని జోరుగా ఉంది కానీ రక్షణ పనులకు సాధారణంగా పౌరసత్వం అడుగుతారు. దాన్ని చూసుకుని రావద్దు.

అమ్మా, ఈ నాలుగు మాటలు నీకు.

మీ అత్తయ్య వచ్చిన మొదటి చలికాలం నాకు ఇప్పటికీ గుర్తే. జూలై నెల, అయిదున్నరకే చీకటి. నేను ఉదయం ఆరింటికి పోతే సాయంత్రం తిరిగి రావడం. ఇద్దరు పిల్లలతో ఆమె ఒక్కతే. ఒక రోజు నేను వచ్చేసరికి ఇంట్లో దీపం వేయకుండా కూర్చుని ఉంది. ఏమైందంటే, "పొద్దున్నుంచి పిల్లలతో తప్ప ఒక్కరితో కూడా మాట్లాడలేదు" అంది. తెనాలిలో బడిలో పాఠాలు చెప్పిన మనిషి. తప్పు నాది. లైసెన్సు, జీతం, ఇల్లు అని నా లెక్కలే వేసుకున్నాను కానీ ఆమె రోజు ఎలా గడుస్తుందని ఆలోచించలేదు. ఆమెకు డ్రైవింగు వచ్చాకే మా ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడింది.

అందుకని, తల్లీ, వచ్చేలోపు కారు నడపడం నేర్చుకో, నీ పేరున లైసెన్సు తీసుకో. ఇంగ్లీషు పరీక్ష పాయింట్ల కోసం మాత్రమే కాదు, నీ కోసం రాయి. నీ ఉద్యోగం వెంటనే మానకు, వీలైతే సెలవు పెట్టు. వాడు ముందు వచ్చి, పని కుదిరి, అద్దె ఇల్లు దొరికాక మూడు నాలుగు నెలలకు మీరు రావడం మేలని నా అభిప్రాయం. వీసాలో ఫలానా తేదీలోపు అందరూ ఒకసారి అడుగుపెట్టాలని షరతు ఉంటే దాని ప్రకారం సర్దుకోండి. ఇక్కడ బడి సంవత్సరం జనవరి చివర మొదలవుతుంది. పెద్దవాడికి అప్పుడు చేరితే కొత్తదనం అందరితో సమానంగా ఉంటుంది. చంటిదాని టీకాల కార్డు భద్రం. ఆ రికార్డు లేకపోతే ఇక్కడ శిశు సంరక్షణ కేంద్రంలో చేర్చుకోరు. మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వచ్చినా ఈ రాష్ట్రంలో అంబులెన్సు ఖర్చు అందులో ఉండదు, దానికి విడిగా బీమా కట్టాలి. మేము మొదటి ఏడాది కట్టలేదు. పిల్లవాడికి ఊపిరాడని ఒక రాత్రి ఆ బిల్లు ఎంతవుతుందోనని ఫోను చేయడానికి రెండు నిమిషాలు తటపటాయించాను. ఆ రెండు నిమిషాలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అల్లుడూ, ఇంటి ఆడపిల్ల మనసు కుదరకపోతే రావద్దు. ఇంకో ఏడాది ఆగినా నీ వయసు పాయింట్లు తగ్గవు. కుదిరితే మాత్రం, ఇక్కడ పనివాడికి మర్యాద ఉంది. బూట్ల మట్టితో బ్యాంకుకు వెళ్ళినా కూర్చోమంటారు. యజమాని పీఎఫ్ లాంటి నిధికి జీతం పైన 12 శాతం కడతాడు. నా కొడుకు తన స్నేహితులకు "మా నాన్న ఎలక్ట్రీషియన్" అని తల ఎత్తి చెబుతాడు.

నెలాఖరులోగా ఆ సర్వీసు లెటరు చిత్తుప్రతి నాకు పంపు. కాంట్రాక్టరు సంతకం పెట్టకముందే ఒక్కో వాక్యం చూస్తాను. అమ్మాయిని వచ్చే ఆదివారం తనే నాకు ఫోను చేయమను, మీకు మధ్యాహ్నం మూడైతే ఇక్కడ రాత్రి ఏడు. అత్తయ్య కూడా మాట్లాడతానంటోంది. అక్కకు నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య,
అడిలైడ్