ఆ ఏడు లక్ష్యాల్లో మీవి ఎన్ని?

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. ప్రతి జనవరిలో డైరీ మొదటి పేజీలో లక్ష్యాలు రాసుకోవడం నాకు అలవాటు. ఈ ఏడాది ఏడు రాశాను. మేనేజర్ కావాలి (నాతో చేరినవాళ్ళు ఎప్పుడో అయిపోయారు), ఇల్లు కొనాలి (అన్నయ్య కొన్నాడు), బరువు తగ్గాలి (మా తోటికోడలు తగ్గింది), హాఫ్ మారథాన్ పరుగెత్తాలి (ఆఫీసులో స్నేహితురాలు పూర్తిచేసింది), ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలి, సొంత వ్యాపారం పెట్టాలి, గణితంలో పీజీ చేయాలి. డిగ్రీలో గణితమంటే ప్రాణం, ఇప్పటికీ రాత్రిపూట పక్కింటి పదో తరగతి అబ్బాయికి లెక్కలు చెబుతుంటే టైమ్ తెలియదు. కానీ ఈ వయసులో ఆ చదువు వల్ల ఏం ఉపయోగమని దాన్ని చివర్లో రాశాను. రెండేళ్ళ క్రితం ఎంతో కోరుకున్న ప్రమోషన్ వచ్చింది, పది రోజులు సంతోషం, ఆ తర్వాత మామూలే. అన్నయ్య "మొదలుపెట్టడమే గానీ పూర్తిచేసింది ఏదైనా ఉందా" అంటాడు. మావారు "ఉన్నదాంతో హాయిగా ఉండొచ్చు కదా" అంటారు. పెద్ద లక్ష్యాలు పెట్టుకోవడమే నా తప్పా? అసలు నేను సక్సెస్ అయినట్టా, కానట్టా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించాం. మొదటిసారి చదివినప్పుడు ఏడు లక్ష్యాలు ఎక్కువైపోయాయి, అందుకే ఏదీ పూర్తి కావడం లేదు అనుకున్నాను. మళ్ళీ చదివితే ఇంకొకటి కనిపించింది. నాలుగింటి పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. తోటి ఉద్యోగులు, అన్నయ్య, తోటికోడలు, స్నేహితురాలు. గణితం పక్కన ఎవరూ లేరు. ఆ నాలుగు పేజీల్లో మీ రాత ఒక్కచోటే తేలికపడింది, ఆ అబ్బాయికి సంభావ్యత (ప్రాబబిలిటీ) అర్థం కాకపోతే రెండు పాచికలు ముందు పెట్టి, వేయించి వేయించి చెప్పానని రాసిన చోట. ఇల్లు గురించి మీరు రాసింది ఒకటిన్నర వాక్యం, ఆ పాచికల గురించి పదకొండు వాక్యాలు. లెక్కపెట్టాను.

మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం తప్పు కాదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాల పాటు దీని మీదే పరిశోధన చేశారు. "చేతనైనంత చేద్దాం" అనుకున్నవాళ్ళకంటే, కష్టమైనదైనా స్పష్టంగా ఉన్న లక్ష్యం పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ సాధిస్తారని వాళ్ళకు మళ్ళీ మళ్ళీ తేలింది. కాబట్టి ఎవరు ఏమన్నా మీ ఆశను తగ్గించుకోమని నేను చెప్పను. అయితే అదే పరిశోధన ఒక షరతు కూడా పెట్టింది, ఆ లక్ష్యానికి మనిషి మనసారా కట్టుబడి ఉండాలి. మీరు ఆగిపోయింది అక్కడే అని నా అభిప్రాయం. స్నేహితురాలు ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన రోజున మీ డైరీలోకి వచ్చిన లక్ష్యం, ఆవిడ ఆ ఫోటోల గురించి మాట్లాడటం మానేసిన రోజున మీ కాళ్ళలోంచి కూడా వెళ్ళిపోయింది. దానికి మీరు బద్ధకం అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట చదివి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆఫీసు పని, ఇంటి పని అన్నీ ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి పక్కింటి పిల్లవాడికి గంటసేపు లెక్కలు చెప్పే మనిషిలో బద్ధకం ఎక్కడుంది?

పక్కవాళ్ళతో పోల్చుకోవడం మీ ఒక్కరి గుణం అనుకోకండి. కొలవడానికి బయట ఏ కొలబద్దా లేనప్పుడు మనుషులు తమను తాము ఇతరులతో పోల్చి చూసుకుంటారని లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. జీవితం బాగా గడుస్తోందా లేదా అని చెప్పే మీటరు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి కళ్ళెదుట ఉన్న అన్నయ్యే మీటరు అవుతాడు. ఇది ఎంత చిత్రంగా పనిచేస్తుందో చూడండి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ క్రీడాకారుల ముఖాలను పరిశీలించిన పరిశోధకులకు రజతం గెలిచినవాళ్ళకంటే కాంస్యం గెలిచినవాళ్ళే ఎక్కువ ఆనందంగా కనిపించారు. రెండో స్థానం మనిషి చూపు చేజారిన బంగారం మీద ఉంటుంది, మూడో స్థానం మనిషి పతకమే లేకుండా వెనక్కి వెళ్ళేవాణ్ణి కదా అనుకుంటాడు. మీరు రజతం మెడలో వేసుకుని పదిహేనేళ్ళుగా పక్క మెట్టు వైపే చూస్తున్నారేమో అనిపించింది నాకు.

ప్రమోషన్ సంతోషం పది రోజుల్లో ఆవిరైపోయిందని అపరాధంగా రాశారు, కృతజ్ఞత లేనిదాన్నా అని కూడా అడిగారు. కాదు. మంచి మార్పుకైనా చెడ్డ మార్పుకైనా మనసు అలవాటు పడిపోతుంది. ఫిలిప్ బ్రిక్‌మన్, డోనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు, ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం. ఉద్యోగం మొదట్లో నేను కూడా ఒక పదవి కోసం ఆరేళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడ్డాను, మా నాన్నగారికి అది గొప్పగా ఉంటుందని. వచ్చింది. ఆయన ఎంతో సంతోషించారు, నాకు ఆ సంతోషం ఇప్పటికీ విలువైనదే. కానీ ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిన పని నాకు మొదటి నెలలోనే నచ్చలేదు, ఎందుకంటే పదవి గురించి కలలు కన్నానే గానీ ఆ పదవిలో సోమవారం పొద్దున ఏం చేస్తారో ఒక్కసారీ ఊహించుకోలేదు.

అందుకని మీ ఏడింటినీ రెండు ప్రశ్నలతో పరీక్షించండి. ఇది సాధించినట్టు ఎవరికీ, ఎప్పటికీ తెలియదు అంటే అప్పుడూ మీకు కావాలా? సాధించాక రోజూ చేయాల్సిన పని మీకు ఇష్టమా? మేనేజర్ పనంటే మీ మాటల్లోనే "సెలవు దరఖాస్తులు, గొడవలు, మీటింగులు." ఇవి ఇష్టమైతే తప్పకుండా ప్రయత్నించండి. జీతం కోసమైనా సరే, అది గౌరవమైన కారణమే, కానీ అలాగని డైరీలో రాసుకోండి, "జీతం కోసం" అని. అప్పుడు రాని సంతోషం కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇల్లు వేరే సంగతి. అది మీ ఒక్కరి లక్ష్యం కాదు, ఇద్దరిదీ. మీ డైరీలో ఉండాల్సిందే కాదు అది, మీ ఇద్దరి మధ్య మాటల్లో ఉండాలి. మీవారితో ఒక రోజు కూర్చుని మనకు ఇల్లు ఎందుకు కావాలి, ఎన్నేళ్ళలో, ఏం వదులుకుంటే వస్తుంది అని మాట్లాడుకోండి. బరువు సంగతి డాక్టర్ చెబితే ఆరోగ్యం కోసం చేయండి, తోటికోడలు ఎంత తగ్గిందో ఆ లెక్కలోకి రానవసరం లేదు. ఇంగ్లిష్, వ్యాపారం గురించి మీరే పెద్దగా రాయలేదు, నేనూ రాయను.

ఆ రెండు ప్రశ్నలకు నిలవనివి వదిలేయండి. ఈ మాట చెప్పడానికి నేను వెనకాడటం లేదు, ఎందుకంటే అందని లక్ష్యాన్ని వదిలి, మనసుకు అర్థవంతమైన మరో లక్ష్యం వైపు మళ్ళగలిగినవాళ్ళు మెరుగ్గా ఉంటారని కార్‌స్టెన్ వ్రోష్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనల్లో తేలింది. అయితే మీరు ఇన్నాళ్ళూ చేసినట్టు మర్చిపోవడం వదిలేయడం కాదు. మర్చిపోయినది ప్రతి జనవరిలో మళ్ళీ వచ్చి గుచ్చుతుంది. డైరీ తీసి, "హాఫ్ మారథాన్, ఇది నాది కాదు, వదిలేస్తున్నాను" అని రాసి తేదీ వేయండి. మొదటి రోజు కాస్త ఓడిపోయినట్టే ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక గణితం. "ఈ వయసులో ఏం ఉపయోగం" అన్నారు. ఉపయోగం ఉండి తీరాలని ఎవరు చెప్పారు? ఉద్యోగానికి పనికొస్తుందా, రాదా అన్నది తర్వాత చూడవచ్చు. పదిహేనేళ్ళుగా ఎవరూ అడగకుండా, ఎవరూ మెచ్చుకోకుండా మీరు వదలకుండా పట్టుకుని ఉన్నది ఇదొక్కటే. మీ అన్నయ్య అడిగిన "పూర్తిచేసింది ఏదైనా ఉందా" అనే ప్రశ్నకు కూడా నాకు ఇక్కడే జవాబు కనిపిస్తోంది.

కానీ వెంటనే పీజీలో చేరిపోకండి. చాలాకాలం వదిలేసిన విషయంలో మొదటే ఫలితం మీద గురిపెడితే, ఇన్ని మార్కులు, ఇన్ని నెలలు అని, టెన్షన్ పెరుగుతుంది గానీ పని జరగదు. కొత్తదీ క్లిష్టమైనదీ అయినప్పుడు నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం మేలని లాక్, లేథమ్‌ల పరిశోధనే చెబుతుంది. డిగ్రీ మొదటి ఏడాది కలన గణితం (కాల్క్యులస్) పుస్తకంతో మొదలుపెట్టండి. "టైమ్ దొరికినప్పుడు చదువుతాను" అనుకోవద్దు. "మంగళ, గురువారాల్లో పిల్లవాడు వెళ్ళిపోగానే అదే టేబుల్ దగ్గర నలభై నిమిషాలు" అని గంట, చోటు ముందే తేల్చుకోండి. ఇలా ముందే నిర్ణయించుకున్నవాళ్ళు అనుకున్న పని చేసే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. గడువు వేసుకునేటప్పుడు మీకు తోచినదానికి సగం కలపండి. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందనుకుంటే పట్టింది 55 రోజులకు పైనే. ఆరు నెలలనుకున్నది తొమ్మిది నెలలు పడితే అది మీ చేతకానితనం కాదు, అంచనాలో పొరపాటు, అంతే.

అన్నయ్యకు ఏం చెప్పాలి అని అడిగారు. ఏమీ చెప్పక్కర్లేదు, ఈసారి మొదలుపెట్టినట్టు కూడా చెప్పకండి. మీవారితో మాత్రం దాచవద్దు. "ఉన్నదాంతో హాయిగా ఉండొచ్చు కదా" అన్న మాటలో మీరు నిరుత్సాహపరచడం విన్నారు, నాకు అందులో ఒక భయం వినిపించింది, ఏదొచ్చినా ఈవిడకు సంతోషం ఉండదేమో, తనతో ఈ జీవితం కూడా సరిపోలేదేమో అని. "మీతో నాకు ఏ లోటూ లేదు. లెక్కలు చేస్తున్నప్పుడు నేను నాలా ఉంటాను, వారానికి రెండు రాత్రులు పిల్లలను పడుకోబెట్టే పని మీరు చూసుకోండి" అని అడిగి చూడండి. ప్రోత్సహించడానికి తటపటాయించే భర్తలు కూడా స్పష్టంగా పని చెబితే చాలాసార్లు ముందుకొస్తారు.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా వినండి. ప్రమోషన్ ఒక్కదాని విషయంలోనే కాకుండా, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఆకలి మారిపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, ముఖ్యంగా ఆ అబ్బాయికి లెక్కలు చెప్పాలని కూడా అనిపించకపోతే, అది లక్ష్యాల సమస్య కాదు. మానసిక వైద్యులను కలవండి, ఆలస్యం చేయకండి.

సక్సెస్ అయ్యానా లేదా అనే తీర్పు నేను ఇవ్వలేను, అన్నయ్య కూడా ఇవ్వలేడు. ఏడాది చివర ఏం చూసుకుని "ఈ సంవత్సరం బాగా గడిచింది" అనుకుంటారో మూడు వాక్యాల్లో మీరే రాసుకోండి, అందులో ఇంకో మనిషి పేరు రాకుండా. మూడోది రాయడానికి చాలా రోజులు పడుతుంది, తొందరపడకండి.

ఆరు వారాల తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఎన్ని పేజీలు చదివారో అక్కర్లేదు. ఏ లెక్క దగ్గర ఇరుక్కుపోయారో, అందులోంచి ఎలా బయటపడ్డారో రాయండి, పాచికల గురించి రాసినట్టు.