రేకా, రెక్కా, ఆకర్షక పత్రమా?

సందేహం: మా పాపకి పువ్వు భాగాల పాఠం చెబుతున్నాను. పుస్తకంలో అడుగున ఉండే పచ్చనివాటిని రక్షక పత్రాలు, రంగువాటిని ఆకర్షక పత్రాలు అని ఉంది. నేను రేకులు అంటాను, మా అత్తగారు రెక్కలు అంటారు. పాపేమో "పత్రమంటే ఆకు కదమ్మా, ఇంత ఎర్రగా ఉన్నదాన్ని ఆకు అంటారేంటి?" అని పట్టుకుంది. ఏ మాట సరైనది? ఇంకో పుస్తకంలో 'ఆకర్షణ పత్రాలు' అని చూశాం, అదీ ఒప్పేనా? కీలం, అండాశయం లాంటి వాటికి అర్థం అడిగితే నాకే టెన్షన్‌గా ఉంటోంది.

సమాధానం: రేకు, రెక్క రెండూ మంచి తెలుగు మాటలే. పలచగా, వెడల్పుగా ఉండేది రేకు. రాగిరేకు, ఇనపరేకు అనడంలో ఉన్నదీ ఆ రేకే. పూవు, రేకు కలిస్తే పూరేకు. రెక్క అనేవాళ్లు అది విచ్చుకునే తీరును చూశారు. రెక్క మందారం, ముద్ద మందారం అని పూలను వేరు చేసి చెప్పుకోవడానికి కూడా ఆ మాట పనికొచ్చింది. 'రేక' అనే రూపమూ వాడుకలో ఉంది. కానీ 'పూరేఖ' అని మాత్రం రాయనివ్వకండి. రేఖ అంటే గీత. ఈ తప్పు పిల్లల నోటుపుస్తకాల్లోనే కాదు, అచ్చులోనూ కనిపిస్తోంది.

ఇక మీ పాప ప్రశ్న. అది నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఆ ప్రశ్న వేసిన పిల్ల మాటను బట్టీ పట్టడం లేదు, విప్పి చూస్తోంది. సంస్కృతంలో 'పత్' అనే ధాతువుకు ఎగరడం, పడటం అని అర్థాలు. దాని నుంచి వచ్చిన పత్రానికి ఆకు అనే అర్థంతో పాటు రెక్క అనే అర్థం కూడా ఉంది. పక్షిని పతత్రి అనేది అందుకే. అంటే మీ అత్తగారి రెక్కకూ పుస్తకంలోని పత్రానికీ దూరం మీరు అనుకున్నంత లేదు.

అయితే శాస్త్రం రాసినవాళ్లు ఇక్కడ ఆకు అనే అర్థంలోనే వాడారు. అలా వాడటానికి గట్టి కారణమే ఉంది. పువ్వులోని భాగాలన్నీ రూపం మారిన ఆకులే అని జర్మన్ కవి గోథే 1790లోనే రాశాడు. ఆ తర్వాతి వృక్షశాస్త్రం ఆ ఆలోచనను మరింత బలపరిచింది. పాపకి ఇది మాటలతో చెప్పక్కర్లేదు. ఒక ముద్ద మందారాన్ని చేతికిచ్చి, లోపలి వైపు నలిగినట్టుండే చిన్న రేకుల్ని ఒక్కొక్కటిగా విడదీయమనండి. కొన్నిటి అంచున పసుపుపచ్చని చుక్కలు అంటుకుని ఉంటాయి. అవి పరాగకోశాలు, అంటే పుప్పొడి ఉండే తిత్తులు. కేసరం (పుప్పొడిని మోసే సన్నని పోగు) కావలసింది రేకుగా మారబోయి సగంలో ఆగిపోయిందన్నమాట. పక్కనే రెక్క మందారాన్ని పెట్టండి. అందులో రేకులు ఐదే, కేసరాలన్నీ నడిమి గొట్టం మీద సక్రమంగా ఉంటాయి. ఒక భాగం ఇంకో భాగంగా మారగలదని కళ్లారా చూసిన పిల్లకు, ఎర్రటి పత్రం అనే మాట ఇక వింతగా తోచదు.

ఆమె తికమకకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మనకిప్పుడు పత్రం అంటే ముందు గుర్తొచ్చేది కాగితం: ధ్రువీకరణ పత్రం, అర్హత పత్రం. రక్షక పత్రం అనగానే అదేదో సర్టిఫికెట్ అనిపించడంలో పిల్లల తప్పేమీ లేదు. అందుకే మొదట 'కాపలా రేకులు, రంగు రేకులు' అని చెప్పి, పువ్వు పూర్తిగా విప్పి చూశాకే పుస్తకం మాటను పరిచయం చేయమంటాను.

ఆకర్షక, ఆకర్షణ విషయంలో నా ఓటు ఆకర్షకకే. ఆకర్షణ అంటే ఆకర్షించడం అనే పని. ఆ పని చేసేది ఆకర్షకం. రక్షించేది రక్షకం, పాలించేవాడు పాలకుడు, గానం చేసేవాడు గాయకుడు. పక్కన రక్షక పత్రం ఉన్నప్పుడు ఆకర్షక పత్రమే జోడీ కుదురుతుంది. అలాగని పాప తరగతి పుస్తకంలో ఆకర్షణ పత్రాలు అని ఉంటే పరీక్షలో అదే రాయనివ్వండి. తేడా తెలిస్తే చాలు. ఆకర్షక పత్రావళి అని చివర 'ఆవళి' కనిపిస్తే భయపడక్కర్లేదు. ఆవళి అంటే వరుస, దీపావళిలో ఉన్నది అదే.

మీకు టెన్షన్ పెడుతున్న మాటల్లో చాలావరకు పిల్లలకు తెలిసిన మాటల చుట్టాలే. కేసరం అంటే జూలు, వెంట్రుకల్లాంటి పోగు. జూలున్నది కాబట్టి సింహం కేసరి అయింది. పువ్వు నడుమ పోగుల్లా ఉన్నవి కేసరాలు. వాటి కొసన పుప్పొడి ఉంటుంది. పుప్పొడిని విడగొడితే పువ్వు, పొడి. దీన్ని మాత్రం 'పరాగం' అని చెప్పడానికి తొందరపడకండి, ఇంత ముచ్చటైన మాట చేతిలో ఉండగా. కీలం అంటే మేకు, గూటం. అండాశయం మీద నిలబెట్టినట్టున్న సన్నని కాడ కీలం, దాని కొస కీలాగ్రం. ఇక ఆశయం అంటే పిల్లలు లక్ష్యం అనుకుంటారు. ఇక్కడ ఆశయం అంటే ఉండే చోటు. జలాశయం నీళ్లుండే చోటు, అండాశయం అండాలుండే చోటు. ఈ ఒక్క పోలికతో గర్భాశయం, మూత్రాశయం కూడా ఆమె తనే చెప్పేస్తుంది.

ఒక్క చోట జాగ్రత్త. కుంకుమపువ్వు పోగుల్ని కేసరాలు అనడం వాడుక. శాస్త్రం లెక్కలో అవి కేసరాలు కావు, కీలాగ్రాలు. ఒక్కో పువ్వుకు మూడు పోగులు. వాడుకను తప్పనకుండా, శాస్త్రంలో పేరు వేరని చెప్పండి.

మొదటి పాఠానికి రెక్క మందారమే తీసుకోండి. పెద్దది, భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. పైగా కేసరాల గొట్టంలోంచి కీలం బయటికొచ్చి ఐదు కొసలుగా చీలడం పిల్లలకు భలే నచ్చుతుంది. బంతి, పొద్దుతిరుగుడు, కాగితం పువ్వు తర్వాతికి ఉంచండి. బంతిలో మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక చిన్న పువ్వే, వాటిని పుష్పకాలు అంటారు. కాగితం పువ్వులో రంగురంగులుగా ఉన్నవి రేకులే కావు, పువ్వు పక్కనుండే ఆకులు. అసలు పువ్వులు వాటి మధ్య సన్నగా, తెల్లగా ఉంటాయి. వాటి దాకా వచ్చినప్పుడు "ఇంత ఎర్రగా ఉన్నదాన్ని ఆకు అంటారేంటి?" అని ఈసారి మీరే పాపను అడగండి.