రాజమండ్రి అక్కడే ఎందుకు పుట్టింది?

గోదావరి ఒడ్డున ఇన్ని ఊళ్లుండగా రాజమండ్రే ఎందుకు అంత పెరిగింది, అంతా రాజరాజ నరేంద్రుడి చలవేనా అని అడిగారు. పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పేరు ఆయనదే అంటారు. 11వ శతాబ్దంలో ఆయన ఇక్కడి నుంచి పాలించాడు, నన్నయ భారతం మొదలుపెట్టిందీ ఆయన కోరికపైనే. మా ఇల్లు కోటగుమ్మం దగ్గర. పేరులో కోటా గుమ్మం రెండూ ఉన్నాయి, చూద్దామంటే రెండూ లేవు. రాజులు పోయారు, కోట పోయింది, ఊరు మాత్రం పెరుగుతూనే ఉంది. అందుకే నేను రాజు కంటే రేవుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

పాపికొండలు దాటి పోలవరం దగ్గర మైదానంలోకి వచ్చిన గోదావరి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది. చీలకముందు ఒక్కసారి దాటితే చాలు. కిందికి వెళ్తే రెండు పాయలూ దాటాలి. పైగా మా ఒడ్డు మెరక. దాటే జనం, ఎగుమతి దిగుమతి సరుకు, అన్నీ ఇక్కడే ఆగేవి.

మా తాతగారు కలప అడితీలో గుమస్తా. భద్రాచలం వైపు అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి నీళ్లలో వదిలితే రోజుల తరబడి తేలుతూ మా రేవుకి చేరేవట. ఏ దుంగ ఎవరిదో తెలియడానికి చివర సుత్తితో గుర్తు కొట్టేవాళ్లు. తడిసిన దుంగ మీద వేలు పెట్టి తడుముతూ, ఆ గుర్తు చదివి పద్దు రాసుకోవడమే ఆయన పని. ఆ సుత్తి ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. దాని మొహం మీద అక్షరం తిరగేసి చెక్కి ఉంటుంది.

తర్వాతి ఎదుగుదల కాటన్ ఆనకట్టతో. 1847లో మొదలై 1852కి పూర్తయింది, రాయి ధవళేశ్వరం కొండదే. కాలవలు పారాక డెల్టాలో వరి పండింది, ఆ వ్యాపారంలో పెద్ద వాటా మా ఊరికి దక్కింది. 1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. అయినా రోడ్డు మీద అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వెళ్లాలంటే దారి లేదు, 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చేదాకా లాంచీయే దిక్కు. మా అమ్మ పెళ్లి సామాను, పందిరి మంచంతో సహా, లాంచీలోనే వచ్చింది. అమ్మ ఇప్పటికీ పుట్టింటికి వెళ్తున్నానని అనదు, ఏరు దాటి వస్తానంటుంది.