తెల్ల రాత్రుల ఉత్సవంలో ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

జూన్ మూడో వారంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాలుగు రోజులు మాత్రమే ఉంటాననీ, రాత్రంతా సంధ్యవెలుగు నిలిచే ఆ రోజుల్లో జరిగే తెల్ల రాత్రుల ఉత్సవంలో ఏది చూడాలో, ఏది వదులుకోవాలో చెప్పమనీ మీరు అడిగారు. వైద్యవిద్య కోసం ఆ నగరంలో ఆరేళ్లు ఉన్నాను. మా పరీక్షలు సరిగ్గా జూన్‌లోనే వచ్చేవి కనుక, ఉత్సవాన్ని పుస్తకాల మధ్య నుంచి దొంగచాటుగా చూసిన అనుభవమే నాది.

ఆ పేరుతో జరిగే వేడుకలు పలు రకాలు. వాటిలో ప్రధానమైనది సంగీత బృంద నిర్దేశకుడు వలేరి గెర్గియెవ్ 1993లో ప్రారంభించిన 'తెల్ల రాత్రుల తారలు'. మరీన్‌స్కీ థియేటర్‌లో ఒపెరాలు, బాలేలు, సంగీత కచేరీలు వేసవిలో వారాల తరబడి సాగుతాయి. (ఆకాశంలో చుక్కలు కనిపించడమే అరుదైన రోజుల్లో తారల పేరు పెట్టడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉండేది.) మీకు ఒకే సాయంత్రం దొరికితే దానిని ఇక్కడే ఖర్చు చేయండి. 2013లో తెరిచిన కొత్త భవనంలో సౌకర్యాలు మెరుగే అయినా, బాలేకు మాత్రం 1860 నాటి పాత భవనాన్నే ఎంచుకోండి. సంగీతకర్త చైకోవ్‌స్కీ బాలే 'హంసల సరస్సు'కు 1895లో కూర్చిన, నేటికీ చాలా బృందాలు అనుసరించే నాట్యరూపం మొదట ప్రదర్శితమైంది ఆ రంగస్థలం మీదనే.

ఏడు గంటల ప్రదర్శన ముగిసి బయటికి వచ్చేసరికి పది దాటుతుంది, కానీ వీధిలో ఇంకా వెలుతురు ఉంటుంది. మన విజయవాడలో సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోతాడు కనుక అస్తమించిన కొద్దిసేపటికే చీకటి కమ్ముకుంటుంది. దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఈ నగరంలో ఆ రోజుల్లో సూర్యుడు ఏటవాలుగా, దిగంతాన్ని ఒరుసుకుంటూ దిగుతాడు. అర్ధరాత్రి వేళ కూడా దానికి ఏడు డిగ్రీల కన్నా కిందికి పోడు. అందువల్ల పదిన్నర ప్రాంతంలో మొదలైన సంధ్య చిక్కటి చీకటిగా మారకుండానే, మూడున్నర దాటాక వచ్చే సూర్యోదయంలో కలిసిపోతుంది. ఆ వెలుగులో కాలువల వెంబడి నేవా నది గట్టుకు నడిచి వెళ్లడం నా దృష్టిలో ఉత్సవంలో రెండో అంకం. దానికి టిక్కెట్టు అక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఓడలకు దారి ఇవ్వడానికి నేవా మీది వంతెనలను రాత్రి ఒంటిగంట దాటాక పైకి లేపుతారు. రెండో ఏడాదిలో మేము నలుగురం ప్యాలెస్ వంతెన రెండుగా విడిపోవడాన్ని నోళ్లు తెరుచుకుని చూశాము. మా వసతిగృహం అవతలి ఒడ్డున, వసీలియెవ్‌స్కీ దీవిలో ఉందన్న సంగతి ఆ తరువాత గుర్తుకు వచ్చింది. మెట్రో అప్పటికే మూసేశారు. వంతెన దిగేసరికి ఐదు కావచ్చింది, తొమ్మిదింటికి శరీరనిర్మాణ శాస్త్రం పరీక్ష. కాబట్టి మీ బస ఏ ఒడ్డున ఉందో చూసుకుని, వంతెన లేవడాన్ని ఆ ఒడ్డు నుంచే చూడండి.

'ఎర్ర తెరచాపలు' అనే ఒక్క రాత్రి వేడుకను మీరు వదులుకోవచ్చునని నా అభిప్రాయం. 1968లో మొదలై, 1979 తరువాత ఆగి, 2005లో మళ్లీ మొదలైన ఆ వేడుక బడి చదువు ముగించిన పిల్లలది. ఎర్ర తెరచాపల ఓడ నేవాలో సాగిపోవడం, బాణసంచా నిస్సందేహంగా అందమైనవే, కానీ ఆ జనంలో కదలడానికి చోటుండదు. నేను రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ ఎవరివో భుజాలనే చూసి వచ్చాను.

మన దేశపు బ్యాంకులు ఇచ్చే వీసా, మాస్టర్‌కార్డు చెల్లింపు కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ చెల్లడం లేదు కనుక నగదు తీసుకువెళ్లండి. నది గాలి జూన్‌లోనూ వణికిస్తుంది, స్వెటర్ మరవకండి. గది తీసుకునేటప్పుడు కిటికీలకు మందపాటి తెరలు ఉన్నాయో లేదో అడగండి. మొదటి ఏడాది మా గదిలో లేకపోవడంతో దుప్పటిని మేకులతో కిటికీకి బిగించుకుని పడుకున్నాము.