గదుల నుంచి కాదు, పైకప్పు నుంచి మొదలుపెట్టు

చిరంజీవికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

బెంగళూరు వదిలిపెట్టి ధర్మవరం దగ్గర కొన్న ఎకరంలో చిన్న ఇల్లు కట్టుకుని, వీలైనంత వరకు సొంత నీళ్లు, సొంత కూరగాయలు, సొంత కరెంటుతో బతకాలని నువ్వూ కోడలూ అనుకుంటున్నందుకు సంతోషించాను. పంపిన ప్లాను కూడా చూశాను. 1,400 చదరపు అడుగులు, మూడు పడకగదులు, పడమటి గోడ నిండా అద్దాలు. నా ఉద్యోగమంతా ఊళ్లలో కట్టడాల పని మీదే గడిచింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఇది బెంగళూరు ఇల్లే, దారితప్పి మన పొలంలోకి వచ్చింది.

మన సీమలో ఇంటి లెక్క గదులతో కాదు, పైకప్పుతో మొదలుకావాలి. పాత అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. లోపల 500 చదరపు అడుగులు, చుట్టూ వసారా 250, మొత్తం 750 అడుగుల కప్పు అంటే సుమారు 70 చదరపు మీటర్లు. అయిదో వంతు వృథా పోయినా ఏడాదికి 30 వేల లీటర్లు దక్కుతాయి. నలుగురికి తాగడానికీ వండుకోవడానికీ రోజుకు 25 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 9 వేల పైచిలుకు. కరువు వచ్చి వాన సగమే పడినా మీ దాహం తీరుతుంది. మన ప్రాంతంలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాచినా అది పోదు కాబట్టి ఈ వాననీళ్ల లెక్కను ముచ్చట కోసం చేసేదిగా అనుకోవద్దు. ఎనిమిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల లోతు సంపు తవ్విస్తే 10 వేల లీటర్లు నిలుస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా పడిన వాన తర్వాతి ఆరు నెలల ఎండుకాలాన్ని దాటిస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నా ఇంటికి సంపు పడమట తవ్వించాను, స్లాబు పోసే రోజు పెళ్లికి పోయాను. తిరిగివచ్చి చూస్తే మేస్త్రీ వాలు తూర్పుకు ఇచ్చేశాడు. వాన నీళ్లన్నీ గొడ్లపాక మీదికి దూకేవి. ఆ పొరపాటు దిద్దడానికి ఇంటి చుట్టూ గొట్టాలు తిప్పాను. మరుసటి ఏడు సంపు మూత సరిగా కుదరక, వేలు దూరేంత సందులోంచి వెలుతురు పడి, నీళ్లు పాచిపట్టి, దోమ పిల్లలతో గిలగిలలాడాయి. అందుకే వాలు ఎటో, సంపు ఎక్కడో ఒకే రోజున ఒకే కాగితం మీద నిర్ణయించు. మొదటి రెండు మూడు వానల నీళ్లు బయటికి పోయేలా గొట్టానికి మరో దారి పెట్టు, సంపు నోటికి సన్నని జాలీ కట్టు, మూత చీకటి పుట్టించేలా ఉండాలి.

చౌడుమట్టి కప్పిన పాత మిద్దెలంటే నాకు ప్రాణం. కప్పులోని గవాక్షిలోంచి పడే వెలుగులో మా అవ్వ బియ్యం ఏరుతుండేది. కానీ చౌడు కప్పు మీది నీళ్లు తాగలేం. ఈ ఒక్క కారణానికే నీకు స్లాబు వేయమంటున్నాను, పైన ఏటా ఉగాదికి ముందు తెల్లసున్నం కొట్టించు.

గాలి సంగతి కాస్త చిక్కైనది. ఆషాఢ మాసపు గాలి మనకు పడమటి దిక్కు నుంచే వస్తుంది, సాయంత్రపు ఎండా అటునుంచే వస్తుంది. గాలి కోసం అద్దాలు పెడితే ఇల్లు పొయ్యి అవుతుంది, ఎండకు భయపడి గోడ మూసేస్తే ఉక్కతో చస్తారు. ఇంటి పొడుగు తూర్పు పడమరలుగా పెట్టి, ఎండ తగిలే పడమటి గోడను పొట్టిగా ఉంచు. అటు పక్క వసారా, స్నానాల గది, ధాన్యం గది వచ్చేలా చూడు. వసారా లోపలి గోడకు మోకాలి ఎత్తున చెక్క తలుపుల కిటికీలు రెండు చాలు. వాటికి ఎదురుగా తూర్పున ఎత్తులో సందులు వదిలితే వేడిగాలి పోతుంది. పడమట వేపమొక్కలు ఇల్లు మొదలుపెట్టకముందే నాటండి, ఎందుకంటే మేస్త్రీ ఆరు నెలల్లో పని ముగిస్తాడు కానీ వేపచెట్టుకు అయిదారేళ్లు కావాలి.

గోడలకు మీ పొలంలోని ఎర్రమట్టే పనికి రావచ్చు. అందులో నూటికి 5 నుంచి 8 పాళ్లు సిమెంటు కలిపి, మిషనులో ఒత్తి, మూడు వారాలు తడిపి ఆరబెట్టిన ఇటుకకు బట్టీ అక్కర్లేదు, కట్టెలూ అక్కర్లేదు. అడుగున రాతి పునాది నేల మీద రెండడుగులు లేవాలి, దాని మీద కడపబండ పరిస్తే చెద పైకెక్కడం కష్టమవుతుంది. గచ్చుకు తాడిపత్రి బండలు వేయించు, టైల్స్ జోలికి పోవద్దు.

కరెంటు గురించి ఎక్కువ రాయను. ఒక కిలోవాటు సోలార్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. మూడు తక్కువ కరెంటు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, లైట్లు, నీ కంప్యూటరు దాంతో నడుస్తాయి, ఏసీ నడవదు. లైను తెంచుకుని బ్యాటరీల మీద బతకాలన్న పట్టుదల వద్దు, అది డబ్బు తినే పని. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాటుకు 30 వేల రూపాయల రాయితీ లైనుకు కలిపిన పలకలకే ఇస్తున్నారు.

గోబర్ గ్యాస్ మీద కోడలికి ఆశ ఉన్నట్టుంది. నలుగురి వంటకు సరిపడే చిన్న ప్లాంటుకు రోజూ 25 కిలోల పేడ కావాలి, ఒక ఆవు పదికిలోలు వేస్తే గొప్ప. మూడు పశువులకు మేత ఈ ఎకరంలోంచి రాదు, కొనుక్కొచ్చే మేతతో సొంత వంటగ్యాస్ అంటే నవ్వులాట. సిలిండరు ఉంచుకోండి, ఒక ఆవుతో పాలూ ఎరువూ తీసుకోండి. పంట విషయమూ అంతే: బోరు పెట్టి వరి జోలికి పోకుండా కొర్ర, కంది, వేరుశెనగ వేసుకుంటే తిండిలో కొంత వస్తుంది, మిగతాది సంతలో కొనడం చిన్నతనమేమీ కాదు. కూరగాయలు మాత్రం నిజంగా సాధ్యం. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పెరటి వైపు కాలువగా మళ్లించి, కొవ్వు ఆగడానికి చిన్న గుంత పెడితే అరటి, బొప్పాయి, చేమ, మునగ, కరివేపాకు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. అందుకని వంటిల్లూ స్నానాల గదీ ప్లానులో పక్కపక్కనే ఉండాలి, నువ్వు రెంటినీ ఇంటికి రెండు మూలల పెట్టావు.

మరుగుదొడ్డికి రెండు గుంతలు తవ్వించు. ఒకటి నిండితే మూసి రెండోది వాడుకోవాలి, మూసినది రెండేళ్లలో వాసన లేని ఎరువవుతుంది. బోరుకు, సంపుకు దూరంగా, పల్లంలో ఉండాలి.

ఇదంతా నేల ఎర్రదని నమ్మి రాశాను. అడుగున నల్లరేగడి తగిలితే అది తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుని గోడలు చీలుస్తుంది, పునాది లెక్కంతా మారుతుంది. కాబట్టి వచ్చే ఆదివారం పొలంలో మూడు చోట్ల ఒక అడుగు లోతు పైమట్టి తీసేసి, కింది మట్టిని మూడు గాజుసీసాల్లో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పేసి బాగా కుదిపి, మరునాటి దాకా కదపకుండా ఉంచు. ఇసుక అడుగున, బంకమట్టి పైన పొరలుగా పేరుకుంటాయి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపు. అది చూశాకే మేస్త్రీతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న